దుష్యంతునిది విస్మృతియా? అపహ్నవమా?

శకుంతలోపాఖ్యానమును బోధించుటలో నేను చిరకాలము చేసిన యొక దోషమును మొదట విన్నవించి పిదప విషయములోనికిఁ బోయెదను. నన్నయభట్టారకుని యాదిపర్వములోని శకుంతలా దుష్యంతుల సంవాదమును జనగామ ప్రాంతమున నేను బాఠము చెప్పినపుడెల్ల, రాజు శకుంతల నెఱుఁగననుట దుర్వాసుని శాపమువలన నని చెప్పి దాఁటిపోవుచుంటిని. మానుకోట, భూపాలపల్లి వైపులఁ బాఠములు చెప్పిన మిత్రులు కొందఱు నిట్లే చెప్పుచుండిరని పిదపఁ దెలిసినది. ఒకనాఁ డొక బాలిక లేచి, శాపము పద్యములలో నెచట నున్నదని యడిగినది. పుస్తకమును దిరుగవేసితిని. లేదు. లేదని నేను ముందే యెఱుఁగుదును. రాజును గాపాడు తొందరలో నా యెఱుకను నేనే దాఁచుకొంటిని.

వ్యాసభారతమున శాపము లేదు, ఉంగరమును లేదు. రాజునకు జ్ఞాపకమున్నదనియు, ఉండియు లేదనెననియు మూలము స్పష్టముగాఁ జెప్పుచున్నది. నన్నయ యా యర్థమును శకుంతల నోటనే పలికించెను. ఎఱిఁగినవాఁ డెఱుఁగనివానివలె మాటాడుట, తాను దక్క వేఱొక సాక్షి లేఁడను ధైర్యముతో మాటాడుట, ఈ రెండే యామె యాక్షేపించు నేరములు. నూతులు, బావులు, క్రతువులు, సుతులు, వీని యన్నిటికంటె సత్యమే మేలను సుప్రసిద్ధపద్యమును నీ సందర్భములోనిదే. దానిని మనము సత్యప్రశంసగా విడఁదీసి బాలురచే వల్లెవేయింతుము. కాని యది సభలో భర్త తమ గతమును దాఁచుచుండఁగా, కొడుకును జేతఁబట్టుకొని యెదుట నిలిచిన భార్య పలికిన పలుకు. విడఁదీయుటచే దాని పదును చాలవఱకుఁ బోయినది.

వైయాకరణుఁడను గావున నొక మాట. జ్ఞా ధాతువునకు నపహ్నవార్థమున నాత్మనేపదమును బాణిని ప్రథమాధ్యాయ తృతీయపాదమున 44వ సూత్రముచే విధించెను. కాశికావృత్తిలోని యుదాహరణము నూటిని గూర్చినది. నూఱు పుచ్చుకొని లేదనువానియందు మా గురువులు దాని నన్వయించి చెప్పెడివారు. ఇందలి విశేషమేమనఁగా, లేదనుటను దెలుపు 'అపజానీతే' యను క్రియకు మూలము ఎఱుకను దెలుపు ధాతువే. ఎఱుఁగనివాఁ డపలపింపఁజాలఁడు, మఱచినవాఁడును జాలఁడు. పిదప 46వ సూత్రమున, సంప్రతులు ముందున్న యీ ధాతువునకే యాత్మనేపదమును జెప్పుచు, ఆధ్యానమును, అనఁగా నుత్కంఠతోఁ దలఁచుటను, వేఱుచేసెను. ప్రతిజ్ఞ, అపహ్నవము, ఉత్కంఠతోడి స్మరణము: శకుంతల కథ యంతయు నీ యొక్క ధాతువు చుట్టునే తిరుగుచున్నట్లు నాకుఁ దోఁచును. ఇది సూత్రకారుని యుద్దేశమని నే ననను. మాబోఁటివారికిఁ గలుగు వేడుక మాత్రమే.

కాళిదాసు అపహ్నవమును విస్మృతిగా మార్చెను. నాయకునకుఁ గాని రసమునకుఁ గాని యనుచితమైన దానిని విడువవలె లేదా మార్చవలె నని దశరూపకకారుఁడు చెప్పినదానికి నిది చక్కని లక్ష్యమని మనవారు మెచ్చుకొందురు. మెచ్చుకోలు తగినదే. అయినను నాటకమును సావధానముగాఁ జదివినచో, శాపము కప్పినది రాజు నడవడిలో నొక భాగమునే యని తెలియును. ద్వితీయాంకము చివర, విదూషకుఁడు నగరమునకుఁ బోయి యంతఃపురమున నేమి చెప్పునో యని జంకి, ఆశ్రమకన్యను గూర్చి తాననినదంతయుఁ బరిహాసమే కాని నిజము గాదని రాజతనితోఁ బలుకును. అప్పటికి దుర్వాసుఁడు కథలోనికి రానే లేదు. తెలివియుండి పలికిన బొంకది. ఆఱవ యంకమున విదూషకుఁ డా మాటనే గుర్తుచేసి, దానిని నమ్మితినని చెప్పఁగా, రాజు దానికి సమాధానము చెప్పఁడు. పంచమాంకారంభమున హంసపదిక పాట వినవచ్చును. ఒక్కమాఱు ప్రేమించి విడిచినందులకుఁ దన్ను దెప్పుచున్నదని రాజే గ్రహించును. హంసపదికను మఱచుట కే ఋషి శపించెను?

ఇంతకంటె సూక్ష్మమైనది చతుర్థాంకములోని సంగతి. శాపమును విన్నవారు అనసూయా ప్రియంవదలు. సుకుమారి యగు శకుంతల తాళఁజాలదని యా మాటను దమ యిద్దఱిలోనే యుంచుకొనిరి. పోవునపుడు, అవసరమైన నుంగరము చూపుమని మాత్రమే చెప్పిరి. తెలిసియున్నచో నామె యుంగరమును మఱింత భద్రపఱచుకొనియుండునేమో! రాజునుండి తొలఁగించిన దాఁపఱికమును గవి యిట్లు చెలులకుఁ బంచిపెట్టెను. ప్రేమచే దాఁచినదియు దాఁచినదే. కీడు మాత్రము వినని దానికిఁ గలిగినది.

పిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడు శృంగారశాకుంతలమున భారతకథను గాళిదాసు కథను జోడించెను. రెంటిని గలిపి పాఠము చెప్పిన నేను ఆయనను దప్పుపట్టఁజాలను. భాగవతనవమస్కంధములోను నీ కథ కలదు గాని, భారతములోని దీర్ఘవాద మచట లేదు.

భాగవతమనఁగానే బమ్మెర స్ఫురించును. 2016లో ఓరుగల్లు జిల్లాను విభజించినపుడు జనగామ జిల్లాలోఁ జేరిన యా గ్రామమును బోతన స్వస్థలముగా మావారు భావింతురు. సర్వజ్ఞసింగభూపాలునిపై వలపుగొన్న యొక వేశ్యాపుత్రికను గూర్చిన భోగినీదండక మాయన యౌవనరచనయని ప్రతీతి. భాగవతమును రాజుల కీయక శ్రీరామున కంకితమిచ్చిన మహనీయుఁ డట్టిది వ్రాయునా యని దానిని ద్రోసిపుచ్చువారు కలరు. కర్తృత్వము నిచట నేను నిర్ణయింపను. భాషయు శైలియుఁ బరీక్షించి తేల్చవలసిన సంగతి యది. పరీక్ష లేకయే, మనకిష్టుఁడైనవానికి నిట్టి గతము గూడదని కొట్టివేయుట మాత్రము, నేను దుష్యంతునకు శాపము నతికించినట్లే యున్నది.

ఇఁక రెండు ముగింపులను బోల్చెదను. నాటకమున సప్తమాంకమున రాజు శకుంతల పాదములపైఁ బడును. ఆమె యది తన పూర్వజన్మదుష్కృతమని తలఁచును. మారీచుఁడు శాపవృత్తాంతము చెప్పఁగానే రాజు నింద తొలఁగినదని యూఱడిల్లును. ఎవ్వరును దప్పు చేయలేదు. నన్నయ రాజున కీ సౌకర్యము లేదు. ఆకాశవాణి పలికిన పిదప, గాంధర్వవివాహము మా యిద్దఱికే తెలియుననియు, లోకాపవాదమునకు వెఱచి యెఱిఁగియు నెఱుఁగనంటిననియు నాతఁడు నిండుసభలో నొప్పుకొనవలసివచ్చెను. వాణి పలుకకమున్నే చెప్పియుండిన నెంత బాగుగా నుండెడిది! అయినను, నేనెఱుఁగుదును, బొంకితిని, అను మాట కాళిదాసు రాజు నోట రాఁజాలదు. ఈ యొక్క విషయమున భారతదుష్యంతుఁడే నాకు మిన్న. ఇపు డా పాఠమును శాపము లేకయే చెప్పుచున్నాను.

వ్యాసుని రాజును గూర్చి యింకొక్కటి మిగిలినది. ఒప్పుకోలు ముగిసినంతనే, కోపమునఁ దన్ను నప్రియములాడినందులకు శకుంతలను దాను క్షమించితినని యాతఁ డనును. పుణెలోని భండార్కరు సంస్థవారు 1933 నాఁటికిఁ బూర్తిచేసిన యాదిపర్వపరిష్కరణమున, దానికామె బదులు పలికిన మాట యొక్కటియు లేదు.