కణాలు పడిపోయాయా, ముద్ద కట్టాయా?

మామిడి కాపు ముగిసి వానలు దిగాక నూజివీడు పల్లెల్లో జ్వరాల కాలం మొదలవుతుంది. సీబీపీ రిపోర్టులో ప్లేట్‌లెట్లు నలభై వేలని కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని విజయవాడ బయల్దేరతారు. ఉండవలసింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు కనుక ఆ కంగారు సహజమే. కానీ ఆ అంకెను మనిషి కన్ను ఒకసారి సరిచూసిందా అన్నది ముందు తేలాలి. మామూలు సెల్ కౌంటర్ కణాన్ని గుర్తుపట్టదు, సైజు కొలుస్తుంది. 1953లో అమెరికాలో వాలెస్ కౌల్టర్ పేటెంట్ పొందిన పద్ధతే దానికి మూలం. కరెంటు పారే సన్నని రంధ్రంలోంచి కణం దూరినప్పుడు ఎంత అడ్డు తగిలిందో చూసి, చిన్నవాటిని ప్లేట్‌లెట్ల పద్దులో, పెద్దవాటిని ఎర్రకణాల పద్దులో వేస్తుంది. సైజు ఒక్కటే చూసి కాయ చిన్నరసమో బంగినపల్లో తేల్చడం లాంటిదిది. ఊదా మూత గొట్టంలోని ఈడీటీఏ వల్ల కొద్దిమంది ప్లేట్‌లెట్లు గొట్టంలోనే ముద్ద కడతాయి. ఆ ముద్దలు లెక్కకు రావు, ఒంట్లో రెండు లక్షలున్నా కాగితం మీద నలభై వేలే పడొచ్చు. దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదం: ఐరన్ తగ్గి ఎర్రకణాలు బాగా చిన్నవైతే, వాటిలో కొన్ని ప్లేట్‌లెట్లుగా లెక్కకెక్కి అసలు తగ్గుదలను కప్పేస్తాయి. రక్తహీనత ఇంతగా ఉన్న మన ఆడవాళ్ల విషయంలో ఇది తీసిపారేసే మాట కాదు.

చేతి లెక్క మాత్రం అంత నికరమా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అమ్మోనియం ఆక్సలేట్‌తో రక్తాన్ని ఇరవై రెట్లు పలచన చేస్తే ఎర్రకణాలు కరిగిపోతాయి. దాన్ని న్యూబౌర్ చాంబర్‌లో నింపి, తడి కాగితం పెట్టిన మూత కింద పావుగంట ఉంచితే ప్లేట్‌లెట్లు అడుక్కి దిగుతాయి. మధ్య పెద్ద గడిలో కనిపించినవాటిని 200తో హెచ్చించాలి. ఇరవై వేలున్న రోగికి అక్కడ దొరికేవి సుమారు వంద. వందను లెక్కపెడితే ఎంత నేర్పరికైనా అటూ ఇటూ ఇరవై తేడా రావచ్చు. వేల కణాలను క్షణాల్లో లెక్కించే యంత్రం ఇక్కడ మెరుగు, అందుకే సీబీపీలన్నీ చేత్తో చేయమని నేననను. అయితే ముద్ద కట్టిన నెత్తుటితో యంత్రం చేసే తప్పు ఇరవై శాతం దగ్గర ఆగదు, ఐదు రెట్లయినా కావచ్చు.

జ్వరాల రద్దీలో తీరికెక్కడిదంటారు. కావలసింది చాంబర్ కూడా కాదు, తక్కువ వచ్చిన నమూనాలకు ఒక స్మియర్. గాజు పలక మీద చుక్క పూసి, రంగు వేసి, ఆయిల్ ఇమ్మర్షన్ కింద పది చోట్ల చూసి, సగటును 15,000తో హెచ్చిస్తే ఉజ్జాయింపు తెలుస్తుంది. పలక అంచున ముద్దలు కనిపిస్తే సిట్రేట్ గొట్టంలో మళ్లీ రక్తం తీసి, వచ్చిన లెక్కకు పదో వంతు కలపాలి. స్మియర్ కూడా తక్కువే చూపితే తగ్గుదల నిజం. అప్పుడైనా డాక్టరు చూడవలసింది రక్తస్రావం, కడుపు నొప్పి, హెమటోక్రిట్ పెరుగుదల. నిలకడగా ఉన్న డెంగీ రోగికి అంకె తగ్గిందని ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. కారు మాట్లాడేముందు, స్మియర్ చూశారా అని ల్యాబులో అడగండి. చూసి ఉంటే ఆ మాట రిపోర్టు కింద రాసివ్వమనండి.