ఎవరూ వాయించని పాట

రూత్ క్రాఫర్డ్ సీగర్ స్ట్రింగ్ క్వార్టెట్‌లో మూడో భాగం మొదలైనప్పుడు, ఇందులో పాట ఎక్కడుందని అనుమానం వస్తుంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నాలుగూ మంద్రంలో ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా చేరి, తలా ఒక స్వరాన్ని పట్టుకుని నిలబడతాయి. ఎత్తుకుని పాడుకోవడానికి ఒక వరస లేదు, కాలితో వేసుకోవడానికి దెబ్బ లేదు. ఓపిక పడితే చెవి మెల్లగా సర్దుకుంటుంది. ఒక వాద్యం స్వరం కొద్దికొద్దిగా పొంగి తగ్గుముఖం పడుతుంది. అది తగ్గేలోగా పక్కదాని స్వరం పొంగుతుంది. నాలుగు పొంగులూ ఒకేసారి రావు, ఒక్కొక్కటి ఒక్కో చోట పైకి తేలుతుంది. ఆ తేలిన చోట్లను కలుపుకుంటూ పోతే పాట దొరుకుతుంది. ఆ పాటను నలుగురిలో ఏ ఒక్కరూ వాయించడం లేదు!

గట్టిగా, మెత్తగా వాయించడమన్నది మామూలుగా పాటకు పెట్టే మెరుగు. ఇక్కడ ఆ మెరుగే పాట. వాద్యాలు మెట్టు మెట్టుగా మంద్రాన్ని వదిలి ఎక్కుతున్నాయని సగం దారి దాటాక గాని గమనించం. చివరికి వచ్చేసరికి కమాను ఒకేసారి రెండు మూడు తీగల మీద పడుతుంది. అంతసేపు బిగబట్టినదంతా ఒక్క కేకగా బయటపడుతుంది. ఆ తరవాత కిందికి జారడం క్షణాల్లో పని. సుమారు నాలుగు నిమిషాల ఈ సంగీతంలో కరుణ ఉందా, భయానకం ఉందా అంటే నేను తేల్చి చెప్పలేను. రెండూ ఒకే స్వరంలో ఊరుతున్నట్టు అనిపిస్తుంది.

దీన్ని రాసేనాటికి రూత్‌కు దాదాపు ముప్ఫై ఏళ్లు. 1901లో ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో ఒక మెథడిస్టు పాస్టరు ఇంట పుట్టింది. ఫ్లోరిడాలో పియానో, షికాగోలో సంగీత రచన నేర్చుకుంది. న్యూయార్క్‌లో చార్లెస్ సీగర్ దగ్గర శిష్యరికం చేసింది. ఆడవాళ్లు సంగీతం రాయగలరన్న నమ్మకం మొదట్లో లేని గురువు ఆయన. 1932లో ఆమెనే పెళ్లాడాడు. సంగీత రచనకు గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్న మొదటి స్త్రీ ఆమె. ఆ డబ్బుతో 1930లో బెర్లిన్ వెళ్లింది. ఈ క్వార్టెట్ అక్కడ 1931లో పుట్టింది.

నాలుగో భాగంలో లెక్క కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మొదటి వయొలిన్ ఒక్క స్వరంతో గట్టిగా మొదలుపెట్టి, మరుసటిసారి రెండు, ఆపైన మూడు, ఇలా పెంచుకుంటూ పోతుంది. పెరిగేకొద్దీ గొంతు తగ్గిస్తుంది. తక్కిన మూడూ ఒక్కటై ఇరవై స్వరాలతో గుసగుసగా మొదలై, ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ గొంతు పెంచుతాయి. నడిమికి చేరాక అంతా అరస్వరం పైనుంచి వెనక్కి తిరిగి నడుస్తుంది. కాగితం మీద ఇది గళ్లనుడికట్టు. వింటే మాత్రం, ఒకరు చెప్పేది మరొకరు పట్టించుకోని కాపురంలో మాటామాటా అనుకున్నట్టే ఉంటుంది. ఈ హాస్యం చాలామంది పండితుల విశ్లేషణలకు అందదు.

ఆ తరవాత ఆమె దాదాపు సొంత రచన మానేసింది. ఆర్థిక మాంద్యం రోజులు, వామపక్ష భావాలు, నలుగురు పిల్లలు. సవతి కొడుకు పీట్ సీగర్, కూతురు పెగ్గీ, కొడుకు మైక్ జానపద గాయకులుగా పేరు తెచ్చుకున్నారు. 1936లో కుటుంబం వాషింగ్టన్ చేరింది. లోమాక్స్ తండ్రీకొడుకులు ఊరూరా తిరిగి రికార్డు చేసిన పాటలను ఆమె స్వరలిపిలోకి దించింది. అవి 1941లో 'అవర్ సింగింగ్ కంట్రీ' పుస్తకంగా వచ్చాయి. పల్లె గాయకుడు ఒక చరణం చివర అరమాత్ర ఎక్కువ ఆగితే, ఆమె దాన్ని సాపు చేయలేదు. అక్కడికక్కడ తాళం మార్చి, ఆ ఆగడాన్ని ఉన్నదున్నట్టు రాసింది. ఒకే డిస్కును పదేపదే తిప్పి విన్న ఆ చెవి, క్వార్టెట్‌లో పొంగులను కొలిచిన చెవే. అయినా సొంత రచన మానేసిన ఆ ఇరవై ఏళ్లను త్యాగమని పొగిడేవాళ్లతో నేను ఏకీభవించను. రెండో క్వార్టెట్ లేకపోవడం నష్టమే, ఎంత సర్దిచెప్పుకున్నా.

1952లో ఐదు గాలివాద్యాలకు సూట్ రాసి తన పాత దారికి తిరిగొచ్చింది. అందులో చేయి వణకలేదు. మరుసటి ఏడాది నవంబరులో క్యాన్సర్‌తో చనిపోయింది. జానపద పాటను ఎలా వినాలో, ఎలా పాడాలో చెబుతూ 'అవర్ సింగింగ్ కంట్రీ' కోసమే ఆమె రాసిన పెద్ద వ్యాసం నిడివి ఎక్కువైందని అప్పట్లో పక్కకు పోయింది. అది పూర్తిగా అచ్చయింది 2001లో.