నాలుగు వేల లైన్ల పనితనం

పసుపు సీజన్‌లో నిజామాబాద్ గంజ్‌లోని ఒక అడ్తి దుకాణం లెక్కలు ఎంతమంది చేతుల మీదుగా నడుస్తాయో గమనించండి. మాక్లూర్, ఆర్మూర్, బాల్కొండ, నందిపేట వైపు నుంచి రైతులు కాడి వేరు, గోళ వేరు చేసి బస్తాలకెత్తి తెస్తారు. లాట్లు పడతాయి, ఖరీదుదారులు ధర పెడతారు, దడ్వాయి తూకం వేస్తాడు, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) తయారవుతుంది, రైతు ఖాతాలో డబ్బు పడాలి. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ఎన్‌సీడీఈఎక్స్ సరుకుల ఎక్స్ఛేంజీలో పసుపు ఫ్యూచర్స్‌కు డెలివరీ కేంద్రం కూడా ఇదే. 2025 జనవరి 14న ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డుకు కేంద్ర కార్యాలయం ఇక్కడే.

ఇంత వ్యాపారం నడిచే ఊళ్లో చాలా దుకాణాల అసలు చిట్టా ఒకే ఒక్క కంప్యూటర్‌లో, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. గుమస్తా ఇల్లు మాక్లూర్‌లో. సేటు సరుకు పని మీద సాంగ్లీ వెళ్తాడు. ఆడిటర్ హైదరాబాద్‌లో కూర్చుంటాడు. ముగ్గురికీ కావలసింది గంజ్‌లోని ఆ ఒక్క కంప్యూటరే. అలా సొంత కంప్యూటర్‌ను దూరం నుంచి భద్రంగా అందుకునే ప్రైవేటు దారినే వీపీఎన్ అంటారు. ఈ-నామ్‌కైనా బ్యాంకు సైట్‌కైనా వీపీఎన్ అక్కర్లేదు, వాటికి సొంత రక్షణ ఉంది. దుకాణం ట్యాలీ, గోదాము సీసీ కెమెరాల రికార్డర్, కోల్డ్ స్టోరేజీ కాటా దగ్గరి కంప్యూటర్ లాంటివి మాత్రం లోకానికి తెరిచి పెట్టకూడనివి. దూరంగా ఉన్న మనవాళ్లకు వాటిని అందించాలి, మిగతా ప్రపంచానికి అవి ఉన్నట్టే తెలియకూడదు. వీపీఎన్ చేయవలసిన పని ఇదే.

ఆ పని చేసే పనిముట్లలో వైర్‌గార్డ్ ఒకటి. దాన్ని దగ్గరగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మంచి పనితనం కళ్లకు కనబడని చోట కూడా ఉంటుందనీ, చిన్న వ్యాపారికి అక్కడే ఎక్కువగా ఉపయోగపడుతుందనీ నా నమ్మకం.

ముందు ఇది లేనప్పుడు జనం ఏం చేస్తారో చూద్దాం. రూటర్‌లో ఒక పోర్టు తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తగిలిస్తారు. ఆ పోర్టు సంఖ్య 3389. ప్రపంచంలో ఎవరైనా ఆ తలుపు తట్టవచ్చు. తట్టేది మనుషులు కాదు, రాత్రింబవళ్లు పాస్‌వర్డులు మార్చి మార్చి ప్రయత్నించే ప్రోగ్రాములు. దుకాణాల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలకు ఇది బాగా అలవాటైన దారి. కెమెరాల రికార్డర్లదీ అదే కథ. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల వశమైన యంత్రాల దండు), కంపెనీ పెట్టిన పాస్‌వర్డు కూడా మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ లక్షల సంఖ్యలో వశం చేసుకుని పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది.

వీపీఎన్ ఆలోచన కొత్తదేమీ కాదు. ఐపీసెక్ అనే వీపీఎన్ పద్ధతి తొలి ప్రమాణాలు 1995లోనే వచ్చాయి. మైక్రోసాఫ్ట్ ముందుండి తెచ్చిన పీపీటీపీ అనే మరో పద్ధతి విండోస్‌లోనే ఉండటం వల్ల ఏళ్ల తరబడి ఆఫీసుల్లో నడిచింది. కానీ 2012లో భద్రతా పరిశోధకులు మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ దాని ధ్రువీకరణ పద్ధతిని ఒక్క రోజు లోపే ఛేదించవచ్చని చూపించారు. 2001లో జేమ్స్ యోనన్ ఓపెన్‌వీపీఎన్ తెచ్చాడు. మధ్య ఆసియాలో తిరుగుతూ, నమ్మకం లేని నెట్‌వర్కుల మీదుగా తన ఆఫీసును అందుకోవలసి రావడమే దాని పుట్టుకకు కారణం. ఓపెన్‌వీపీఎన్ గట్టిదే, ఇప్పటికీ కోట్ల మంది వాడుతున్నారు. అయితే దానిలో లక్షకు పైగా లైన్ల కోడ్ ఉంది, దాని కింద ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే మరో పెద్ద లైబ్రరీ ఉంది. ఐపీసెక్ అమలులో లైన్లు ఇంకా ఎక్కువ. అంత కోడ్‌ను ఒక మనిషి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదవడం అయ్యే పని కాదు. చదవలేని దానిలో లోపం ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?

వైర్‌గార్డ్ సృష్టికర్త జేసన్ డోనెన్‌ఫెల్డ్ మొదలుపెట్టింది సరిగ్గా ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌లలో భద్రతా లోపాలు వెతకడం ఆయన వృత్తి. ఇతరుల కోడ్‌ను విప్పి చూసినవాడికి పెద్ద కోడ్ ఎంత ప్రమాదమో బాగా తెలుస్తుంది. 2017లో ఎన్‌డీఎస్ఎస్ భద్రతా సదస్సులో ఆయన సమర్పించిన వ్యాసం ప్రకారం వైర్‌గార్డ్ లైనక్స్ కెర్నల్‌లో నాలుగు వేల లైన్ల లోపు ఇమిడింది. పనిమంతుడైన ఇంజినీరు కొద్ది రోజుల్లో మొత్తం చదివి తప్పు పట్టగలిగేటంత. 2018లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని ఐపీసెక్, ఓపెన్‌వీపీఎన్‌ల పక్కన పెట్టి చూసి కళాఖండమని మెచ్చుకున్నాడు. 2020 మార్చి 29న విడుదలైన లైనక్స్ 5.6లో అది కెర్నల్‌లో భాగమైంది. మన దేశంలో కొవిడ్ లాక్‌డౌన్ మొదలై అప్పటికి నాలుగు రోజులు. ఆఫీసు ఇంటికి రాక తప్పని రోజులు సరిగ్గా అవే.

లైన్లు తగ్గించడం అంటే పని తగ్గించడం కాదు. ఏది వద్దో తేల్చుకోవడం. పాత వీపీఎన్‌లలో రెండు వైపుల యంత్రాలు మొదట బేరానికి కూర్చుంటాయి. నీకు ఏ ఎన్‌క్రిప్షన్ తెలుసు, నాకు ఏది తెలుసు, ఇద్దరికీ కుదిరేది ఏది అని. మధ్యలో దూరిన దొంగ ఆ బేరాన్ని బలహీనమైన పాత పద్ధతి వైపు నెట్టగలిగిన సందర్భాలు ఉన్నాయి. వైర్‌గార్డ్‌లో బేరమే లేదు. తాళాల మార్పిడికి కర్వ్25519, సమాచారాన్ని కప్పడానికి చాచా20, అది మారలేదని రుజువు చేయడానికి పాలీ1305, హాష్‌కు బ్లేక్2ఎస్. అంతే. మొదటి మూడూ క్రిప్టోగ్రఫీ నిపుణుడు డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించినవి. వీటిలో ఒకటి రేపు బలహీనమని తేలితే కొత్త వెర్షన్ రావాలి, రెండు వైపులా అందరూ అప్‌డేట్ చేసుకోవాలి. ఆ ఇబ్బందిని డోనెన్‌ఫెల్డ్ తెలిసే ఒప్పుకున్నాడు. వాడేవాడు తప్పు ఎంపిక చేసే వీలే లేకుండా చేయడం ఆయనకు అంతకంటే ముఖ్యమనిపించింది. సెక్యూరిటీ నిపుణుణ్ణి జీతానికి పెట్టుకోలేని దుకాణానికి ఇది చాలా పెద్ద మేలు.

చాచా20ను ఎంచుకోవడంలో ఇంకో మంచి ఉంది. ఏఈఎస్ అనే మరో పద్ధతి వేగంగా నడవాలంటే ప్రాసెసర్‌లో దానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఉండాలి. చాచా20 అలాంటి సాయం లేకుండానే చురుగ్గా నడుస్తుంది. గుమస్తా చేతిలోని చవక ఫోన్‌కూ, దుకాణంలోని పాత రూటర్‌కూ అది వరం. డోనెన్‌ఫెల్డ్ తన వ్యాసంలో ఇచ్చిన సొంత పరీక్షల్లో వైర్‌గార్డ్ సెకనుకు 1,011 మెగాబిట్లు పంపితే, అదే యంత్రాల మీద ఓపెన్‌వీపీఎన్ 258 దగ్గర ఆగింది. గంజ్‌లో ఎవరికీ అంత వేగం అక్కర్లేదు. కానీ ప్రాసెసర్ మీద భారం తక్కువైతే బ్యాటరీ నిలుస్తుంది, రిమోట్ తెర మీద అక్షరం కొట్టగానే పడుతుంది.

ఇప్పుడు సెట్టింగుల ఫైలు తెరుద్దాం. ఒక్క తెరలో పట్టేస్తుంది. పై భాగంలో మన యంత్రం రహస్య తాళం, లోపలి నెట్‌వర్క్‌లో దాని చిరునామా. కింది భాగంలో అవతలి యంత్రం బహిరంగ తాళం, అది ఇంటర్నెట్‌లో దొరికే చోటు, అనుమతించిన చిరునామాల వరుస. తాళం అంటే 32 బైట్లు. రాస్తే 44 అక్షరాలు. యూజర్ నేమ్ లేదు, పాస్‌వర్డు లేదు, ఏటా గడువు తీరే సర్టిఫికెట్ లేదు.

ఈ ఫైలులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అనుమతించిన చిరునామాల లైను. ఒకే లైను రెండు పనులు చేస్తుంది. బయటికి పోయేటప్పుడు, ఈ చిరునామాకు వెళ్లే ప్యాకెట్‌ను ఏ తాళంతో కప్పాలో చెబుతుంది. లోపలికి వచ్చేటప్పుడు, ఈ తాళంతో వచ్చిన ప్యాకెట్ ఏ చిరునామా చెప్పుకుంటే నమ్మాలో నిర్ణయిస్తుంది. గుమస్తా తాళానికి 10.0.0.2 అని రాసి పెడితే, ఆ తాళంతో వచ్చి 10.0.0.3 అని చెప్పుకునే ప్యాకెట్‌ను అక్కడికక్కడే పారేస్తుంది. అంటే దుకాణం లోపల చిరునామాయే గుర్తింపు అవుతుంది. ఆడిటర్‌కు ట్యాలీ మాత్రమే, సేటుకు కెమెరాలు కూడా, అని ఫైర్‌వాల్‌లో నిశ్చింతగా రాసుకోవచ్చు. గుమస్తా పని మానేసిన రోజు అతని తాలూకు నాలుగు లైన్లు తీసేస్తే సరిపోతుంది, మిగతావాళ్ల పాస్‌వర్డులు మార్చనక్కర్లేదు. అతని ఫోన్‌లోని ఫైలులో దుకాణం చిరునామా ఒక్కటే రాసి పెడితే దుకాణం పని మాత్రమే ఈ దారిన పోతుంది, యూట్యూబ్ వగైరా మామూలు దారిన పోతాయి.

తర్వాత పరిచయం, అంటే హ్యాండ్‌షేక్. మొదటి సందేశం 148 బైట్లు, జవాబు 92 బైట్లు. ఒక్క రాకపోకతో రెండు వైపులా ఒకరినొకరు గుర్తుపట్టి కొత్త తాత్కాలిక తాళాలు చేసుకుంటారు. వాడుక సాగుతున్నంతసేపు రెండు నిమిషాలకు ఒకసారి ఆ తాళాలు మారతాయి, పాతవి చెరిగిపోతాయి. అందువల్ల రేపు ఫోన్ పోయి రహస్య తాళం దొంగ చేతికి చిక్కినా, నిన్న అతను దారిలో పట్టి దాచుకున్న సమాచారాన్ని దానితో విప్పలేడు. మొదటి సందేశంలో కాలముద్ర కూడా ఉంటుంది, పాత సందేశాన్నే మళ్లీ పంపి మోసం చేయడం కుదరదు.

దాని మౌనం చూడండి. మొదటి సందేశంలో సర్వర్ (దుకాణం వైపు యంత్రం) బహిరంగ తాళం తెలిసినవాళ్లే వేయగలిగిన ముద్ర ఒకటి ఉండాలి. అది లేకపోతే సర్వర్ కాదని కూడా అనదు, అసలు మాట్లాడదు. ఇంటర్నెట్ అంతా జల్లెడపట్టే ప్రోగ్రాములకు అక్కడ తలుపే లేని గోడ కనిపిస్తుంది. 3389 తెరిచి పెట్టిన దుకాణానికీ దీనికీ ఉన్న తేడా అది. పంపవలసింది ఏమీ లేనప్పుడు కూడా వైర్‌గార్డ్ మాట్లాడదు. కనెక్షన్‌ను ఊరికే నిలబెట్టుకోవాలన్న ఆరాటం దానికి లేదు.

నిత్యం వాడేవాళ్లు మొదట గుర్తించే సుగుణం మాత్రం వేరు. మాక్లూర్‌లో ఇంట్లో వైఫై మీద పని చేస్తుండగా కరెంటు పోతుంది. ఫోన్ మొబైల్ డేటాకు మారుతుంది, దాని బయటి చిరునామా మారిపోతుంది. పాత పద్ధతుల్లో చాలావాటిలో అక్కడితో లైను తెగి, మళ్లీ లాగిన్ కావాలి. వైర్‌గార్డ్ మనిషిని గుర్తుపట్టేది తాళంతోనే కాబట్టి, సరైన తాళంతో కొత్త చోటు నుంచి ఒక్క ప్యాకెట్ రాగానే జవాబులు అక్కడికి పంపడం మొదలుపెడుతుంది. లోపలి చిరునామా మారలేదు కనుక రిమోట్ తెర అలాగే నిలుస్తుంది, సగం రాసిన ఎంట్రీ సగంలోనే ఉంటుంది. ఆర్మూర్ నుంచి హైదరాబాద్ దాకా టవర్ తర్వాత టవర్ మారుతూ పోయే సేటుకూ అంతే.

మన ఊళ్లలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎందరో కస్టమర్లకు పంచి ఇస్తాయి. అలాంటి కనెక్షన్ ఉన్న దుకాణాన్ని బయటి నుంచి నేరుగా అందుకోలేం. అప్పుడు స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా, అడిగి తీసుకోవాలి, లేదా క్లౌడ్‌లో చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని దాన్ని నడుమ నిలపాలి. దుకాణం వైపు నుంచి 25 సెకన్లకు ఒకసారి చిన్న పలకరింపు పంపేలా ఒక లైను చేరిస్తే దారి మూసుకుపోకుండా ఉంటుంది. వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ లాంటి సేవలు ఈ తంటాలన్నీ తామే చూసుకుంటాయి, తాళాల పంపకం కూడా చేస్తాయి.

ఆ పంపకం వైర్‌గార్డ్ తన పని కాదనుకుంది. రెండో దశ ఓటీపీ దానిలో లేదు. వీపీఎన్ నడుస్తోందన్న సంగతిని దాచే ప్రయత్నమూ లేదు. అది ప్యాకెట్లు పంపే యూడీపీ పద్ధతిని ఆపేసే నెట్‌వర్క్‌లో అది నడవదు. దుకాణం కంప్యూటర్‌లోనే వైరస్ ఉంటే దాన్నీ భద్రంగా మోసుకెళ్తుంది. ఇవన్నీ నెత్తిన వేసుకుని ఉంటే నాలుగు వేల లైన్లు లక్ష అయ్యేవి. తన హద్దు తెలిసి, ఆ హద్దు లోపల ఏ లోటూ లేకుండా పని చేయడం వల్లనే పరిశోధకులు దాని హ్యాండ్‌షేక్‌ను టామరిన్ అనే సాధనంతో గణితపరంగా పరీక్షించి నిలబడుతుందని చూపించగలిగారు.

చట్టం సంగతి కూడా వ్యాపారులు అడుగుతారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో వీపీఎన్ సంస్థలు కస్టమర్ల వివరాలను ఐదేళ్లు దాచాలన్న నిబంధన ఉంది. అది జనానికి వీపీఎన్ సేవ అమ్మే సంస్థలకు. తన ఉద్యోగుల కోసం ఒక సంస్థ నడుపుకునే వీపీఎన్‌కు అది వర్తించదని ఆ తర్వాత ఇచ్చిన వివరణలో చెప్పారు. అంతకుముందు 2020 నవంబర్‌లో టెలికం శాఖ ఇంటి నుంచి పని మీద ఉన్న పాత ఆంక్షలను సడలించింది. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగాన్ని మాక్లూర్‌లో కూర్చుని చేసే యువతకు ఆ సడలింపు అప్పుడు అవసరమైంది.

ఇక మన వంతు. మనిషికో తాళం, పరికరానికో తాళం ఉండాలి. ఒకే ఫైలును నలుగురి ఫోన్లలో వేయడమంటే, 44 అక్షరాల వెనక ఉన్న ఇంత పనితనాన్నీ వృథా చేయడమే. రహస్య తాళం ఏ పరికరంలో వాడతామో అక్కడే పుట్టాలి, అక్కడే ఉండాలి. వాట్సాప్‌లో పంపవలసింది బహిరంగ తాళం ఒక్కటే. ఫోన్ పోతే ఆ రోజే దాని లైన్లు తీసేయాలి. ట్యాలీ డేటాకు వేరే చోట బ్యాకప్ ఎప్పుడూ ఉండాలి. వీటిలో దేనికీ పెద్ద చదువు అక్కర్లేదు, గంజ్‌లో రోజూ చిట్టా రాసే మనిషికి ఉండే శ్రద్ధ చాలు.

వైర్‌గార్డ్‌కు లైసెన్సు రుసుము లేదు. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా వాడవచ్చు. పెద్ద బ్యాంకు వాడినా ఒక్క గది అడ్తి దుకాణం వాడినా దొరికే రక్షణ ఒకటే. ఖరీదైన భద్రత పెద్దవాళ్లకే అన్న పాత లెక్కను ఇది తప్పని తేల్చింది. రైతు పేరు, అతని బ్యాంకు ఖాతా, అతనికి రావలసిన పైకం ఉన్న చిట్టాకు అంతకంటే తక్కువ రక్షణ ఉండాల్సిన అవసరం ఇక లేదు.