డీడీటీకి చావని పురుగు

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక పొగడ్త. "ఆ రోజుల్లో డీబగ్గర్లు లేవు కాబట్టే బుర్రలు పనిచేసేవి" అంటూ తొలితరం మైక్రోకంప్యూటర్ల మీద అసెంబ్లీ రాసినవాళ్లను ఆకాశానికెత్తే మాట మళ్లీ చెవిన పడింది. కాగితం, పెన్సిల్ పక్కన లేకుండా కీబోర్డు ముట్టుకోవద్దని ఇక్కడ పోరు పెట్టేది నువ్వే కదా, నీకెందుకు చిరాకు అని పాత పాఠకులు అడగొచ్చు. నిజమే. నాకు అనుకూలమైన మాట కాబట్టే దాన్ని గీటురాయి మీద పెట్టి చూడాలనిపించింది.

పొగడ్తలో పస లేదనను. 1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అట్టమీదికెక్కిన ఆల్టెయిర్ 8800కు తెర లేదు, కీబోర్డు లేదు. దాంతోపాటు వచ్చే మెమరీ 256 బైట్లు. ముందు పలక మీద స్విచ్చులు, ఎర్ర దీపాలు. ఒక్కో బైటుకూ ఎనిమిది స్విచ్చులు సర్ది డిపాజిట్ మీట నొక్కాలి. ఒక్కో అడుగు చొప్పున నడిపించే సింగిల్ స్టెప్ మీట కూడా ఉంది గానీ, 8080 ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలో ఏముందో ఆ దీపాలు చూపవు. చూడాలంటే ఆ విలువను మెమరీలోకి దింపే ఆదేశాన్ని ప్రోగ్రామ్‌లోనే ఇరికించాలి. ఒకసారి చూడటమే ఇంత పనైనప్పుడు, ఏం కనపడాలో ముందే రాసుకోక తప్పదు. అలా రాసుకుంటే దొరికే దొంగలున్నారు. 8080లో ఒక్క రిజిస్టర్‌ను డీసీఆర్‌తో తగ్గిస్తే, సున్నా అయిందో లేదో ఫ్లాగ్ చెబుతుంది. రెంటిని జతచేసి డీసీఎక్స్‌తో తగ్గిస్తే ఫ్లాగ్ ఉలకదు పలకదు. వెయ్యిసార్లు తిరగాల్సిన లూప్ చివర డీసీఎక్స్, వెంటనే సున్నా కాకపోతే వెనక్కి దూకమనే జేఎన్‌జెడ్ రాశారనుకోండి. లోపల ఫ్లాగ్‌ను కదిపేది ఇంకేమీ లేకపోతే, ఆ లూప్ ఒక్క చుట్టుకే ఆగిపోతుంది, లేదా ఎప్పటికీ ఆగదు. ప్రతి ఆదేశం పక్కనా ఫ్లాగ్ విలువ వేసుకుంటూ వచ్చేవాడి పెన్సిల్ సరిగ్గా అక్కడ ఆగుతుంది.

పైగా పరికరం అబద్ధమాడగలదు. సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ వాడినవాళ్ల చేతిలో ఉండే డీబగ్గర్ పేరే డీడీటీ. మన ఊళ్లలో దోమలకు చల్లిన మందు పేరే. అది ప్రోగ్రామ్‌ను ఒకచోట ఆపే బ్రేక్‌పాయింట్ పెట్టాలంటే ఆ చోట ఉన్న బైటును తాత్కాలికంగా తీసి, తన బైటును పెడుతుంది. ఆ బైటు విలువ 255. సి రిజిస్టర్‌లో 10 వేయమనే ఆదేశానికి రెండు బైట్లు. పొరపాటున రెండో బైటు మీద బ్రేక్‌పాయింట్ పెడితే అక్కడ ప్రోగ్రామ్ ఆగదు. ఆ 10 కాస్తా 255 అయిపోయి, సి లెక్కన పదిసార్లు తిరగాల్సిన లూప్ 255 సార్లు తిరుగుతుంది. మందే పురుగును పుట్టించిందన్నమాట.

అయితే లేమే గురువనుకోవాలా? అలాగైతే మన ఇంజినీరింగ్ కాలేజీల్లోని 8085 కిట్లు డీబగ్గింగ్‌లో దిట్టలను తయారుచేసి ఉండాలి. అక్కడా కనిపించేవి హెక్స్ కీలు, నాలుగంకెల అడ్రసు, రెండంకెల డేటా. రికార్డులో ఉన్న కోడ్‌ను చూసి నొక్కి, జవాబు రాకపోతే మళ్లీ మొదటినుంచి నొక్కితే ఒంటబట్టేది ఓపికే. ఆపిల్ రూపకర్త వోజ్నియాక్ అసెంబ్లర్ లేకుండానే ఆపిల్ బేసిక్‌ను చేత్తో మెషీన్ కోడ్‌లోకి మార్చలేదా అంటారా? మార్చాడు, అసెంబ్లర్ అందుబాటులో లేక. అదే మనిషి 1977లో ఆపిల్ 2 రోమ్‌లో ఒక చిన్న అసెంబ్లర్‌ను, స్టెప్, ట్రేస్ కమాండ్లను పెట్టి అమ్మాడు. లేమి అంత గొప్పదైతే దాన్నే కొన్నవాళ్లకూ పంచేవాడు కదా. బిల్ గేట్స్, పాల్ అలెన్‌ల దారి ఇంకా స్పష్టం. ఆల్టెయిర్ చేతికందకుండానే దానికి బేసిక్ రాయాల్సి వచ్చింది. అలెన్ మాన్యువల్ చూసి హార్వర్డ్‌లోని పీడీపీ-10 మీద 8080 సిమ్యులేటర్ కట్టాడు; ప్రోగ్రామ్‌ను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి చూసుకునే ఏర్పాటూ చేసుకున్నాడు. అలా ఇంట గెలిచిన ఆ బేసిక్, ఆల్టెయిర్ తయారైన ఆల్బుకర్కీలో అసలు యంత్రం మీదా ఆడింది. మాన్యువల్‌ను తప్పుగా చదివి ఉంటే సిమ్యులేటరూ అదే తప్పుకు వంతపాడేది కదా అంటే, పాడేదే. కానీ ఆ ప్రమాదం కాగితానికీ ఉంది. డీసీఎక్స్ ఫ్లాగ్‌ను మారుస్తుందని నమ్మినవాడు పెన్సిల్‌తోనూ అదే రాస్తాడు.

అంటే ఆనాటివాళ్లను నిలబెట్టింది పరికరం లేకపోవడం కాదు, మీట నొక్కేముందు 'ఇక్కడ ఇది రావాలి' అని ఒక గడిలో రాసుకోవడం. ఆ గడి ఖాళీగా ఉంటే, అన్ని రిజిస్టర్లనూ రంగుల్లో చూపే నేటి డీబగ్గర్‌తోనైనా సరే, గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆ గడి నిండితే డీడీటీ చూపిన 255 కూడా పనికొస్తుంది. అక్కడ పది ఉండాలని మనకు ముందే తెలుసు కాబట్టి. కనుక ఇన్నాళ్లూ పెన్సిల్ గురించి నేను పెట్టిన పోరును సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గడిని తెర మీదే ఓ మూల తెరిచి నింపుకున్నా నాకు అభ్యంతరం లేదు. నింపడం మాత్రం రన్ నొక్కేముందే.