ముందుకు నెట్టి కాచుకోవడం: స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్

చాలా ఫైటింగ్ గేమ్‌లలో దెబ్బ కాచుకోవడమంటే వెనక్కి తగ్గడమే. ప్రత్యర్థికి దూరంగా జాయ్‌స్టిక్ లాగి పట్టుకుంటే పాత్ర చేతులు అడ్డం పెట్టుకుంటుంది. క్యాప్‌కామ్ 1997లో తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 3: న్యూ జనరేషన్’ దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతిని ప్రవేశపెట్టింది. అదే ఏడాది ‘సెకండ్ ఇంపాక్ట్’, 1999లో ‘థర్డ్ స్ట్రైక్’ దాని కొనసాగింపులుగా వచ్చాయి. ఆ పద్ధతికి పూర్తి రూపం ఈ మూడోదానిలోనే కుదిరింది.

ఆ పద్ధతి పేరు ప్యారీ. దెబ్బ తగలబోయే క్షణంలో జాయ్‌స్టిక్‌ను ప్రత్యర్థి వైపు ఒక్కసారి తట్టాలి. కాళ్లకు తగిలే దెబ్బయితే కిందికి తట్టాలి. సమయం కుదిరితే హెల్త్ రవ్వంత కూడా తగ్గదు, పైగా ప్రత్యర్థి కంటే ముందు తేరుకుని ఎదురుదెబ్బ కొట్టే వీలు దొరుకుతుంది. అయితే ఆ సమయం చాలా చిన్నది. తెర మీద బొమ్మ సెకనుకు 60 ఫ్రేములుగా కదులుతుంటే, నేల మీద నిలబడిన పాత్రకు దక్కే గడువు సుమారు 10 ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. ఎదుటివాడి కదలిక చూసి స్పందించడానికి చాలాసార్లు అది చాలదు. వాడేం చేయబోతున్నాడో ముందే పసిగట్టాలి. అంచనా తప్పితే కాపు ఉండదు, దెబ్బ నిండుగా తగులుతుంది. అప్పటికే ఒక దెబ్బను కాచుకుంటూ, తర్వాతి దెబ్బను ప్యారీ చేసే ‘రెడ్ ప్యారీ’కి గడువు ఇంకా ఇరుకు, రెండు మూడు ఫ్రేములే.

ఈ ఒక్క మార్పుతో ఆట స్వభావమే మారిపోయింది. స్ట్రీట్ ఫైటర్ 2లో దూరం నుంచి హడోకెన్ అనే అగ్నిగోళాలు విసురుతూ ప్రత్యర్థిని మూలకు నెట్టడం బలమైన వ్యూహం. ఇక్కడ ఆ అగ్నిగోళాన్ని జాయ్‌స్టిక్‌ను ఒక్కసారి తట్టి చెరిపేయవచ్చు. అందువల్ల పోరు దగ్గరి దూరానికి చేరింది. అక్కడ దాడి చేసేవాడికీ ఎత్తులున్నాయి. దెబ్బను కాస్త ఆలస్యం చేసి ప్యారీని వృథా చేయించవచ్చు, ముందుకు తట్టేవాడిని కాళ్ల దగ్గర కొట్టవచ్చు, లేదా పట్టుకుని విసిరేయవచ్చు. పట్టుకు ప్యారీ లేదు. చేయి తిరిగిన ఆటగాళ్లు ఇంకో అడుగు వేసి ‘కారా త్రో’ను సాధన చేశారు. ముందుకు జరుగుతూ కొట్టే దెబ్బను మొదలైన వెంటనే రద్దు చేసి పట్టుగా మారిస్తే, ఆ జరుగుబాటు పట్టుకు కలిసి మామూలుగా అందనివాడు కూడా చిక్కుతాడు. చున్-లీ అనే పాత్ర ఈ విద్యలో చాలా భయంకరం.

పోటీకి ముందే ప్రతి పాత్రకూ ఉన్న మూడు ‘సూపర్ ఆర్ట్’లలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎంపికను బట్టి దాన్ని వాడేందుకు నిండాల్సిన గేజ్ పొడవు, అందులో నిల్వ ఉండే సంఖ్య మారతాయి. కాబట్టి ఒకే పాత్రను ఆడే ఇద్దరు కూడా ఒకేలా ఆడరు.

బొమ్మల పనితనం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. త్రీడీ బొమ్మలు మార్కెట్‌ను ముంచెత్తుతున్న కాలంలో క్యాప్‌కామ్ చిత్రకారులు ప్రతి కదలికనూ ఫ్రేము ఫ్రేముగా గీశారు. కెన్యా అమ్మాయి ఎలీనా ఊరికే నిలబడినప్పుడు కూడా కపోయెరా లయలో ఊగుతూనే ఉంటుంది. టూడీ ఆటల్లో ఇంత అందమైన కదలిక చాలా అరుదు. ర్యూ, కెన్ తప్ప పాతవాళ్లెవరూ లేకుండా మొదలైన ఈ వరుసకు తొలి ఆదరణ అంతంతమాత్రమే. చున్-లీ తిరిగి వచ్చింది కూడా థర్డ్ స్ట్రైక్‌లోనే.

ప్యారీ విలువను లోకానికి చూపించింది 2004లో అమెరికాలో జరిగిన ఎవో అనే ఫైటింగ్ గేమ్‌ల పోటీ. జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా కెన్‌తో, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ చున్-లీతో తలపడ్డారు. కెన్ హెల్త్ దాదాపు అడుగంటింది. ప్రత్యేక దెబ్బలను కాచుకున్నా కొంత హెల్త్ పోతుంది కాబట్టి, ఆ స్థితిలో అడ్డుకున్నా ఓటమే. వాంగ్ వరుస తన్నుల సూపర్ ఆర్ట్ ప్రయోగించాడు. ఉమెహారా ఒక్కో తన్నునూ ప్యారీ చేస్తూ వచ్చి, చివరిదాన్ని గాలిలోకి ఎగిరి ప్యారీ చేసి, కిందికి దిగుతూనే ఎదురుదాడితో ఆ రౌండ్ ముగించాడు. తొలి తన్ను చాలా వేగంగా వస్తుంది గనుక దాన్ని ముందే ఊహించి తట్టాలి. కానీ ఆ పోటీలో విజేత ఉమెహారా కాదు, ఫైనల్లో ఆయన ఓడిపోయారు.

ఆటలో లోపాలూ ఉన్నాయి. చున్-లీ, యున్, కెన్ మిగతావారికంటే స్పష్టంగా బలవంతులు. పెద్ద పోటీల్లో అవే ముఖాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ట్వెల్వ్, షాన్ లాంటి పాత్రలతో గెలవాలంటే అసాధారణమైన ఓపిక కావాలి.

ఈ ఆట నేటికీ నిలవడంలో ఇంటి కన్సోళ్ల పాత్ర పెద్దది. ఆర్కేడ్‌లో ఇది నడిచిన సీపీఎస్-3 యంత్రంలో ఆటను తెరిచే రహస్య సంకేతం బ్యాటరీతో నడిచే క్యాట్రిడ్జ్‌లో ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోతే ఆట తెరుచుకోదు. 2000లో డ్రీమ్‌క్యాస్ట్‌కు, 2004లో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్‌లకు వచ్చిన ప్రతులు ఆటను ఆర్కేడ్ హాళ్లు లేని ఊళ్లకూ చేర్చాయి. 2011 నాటి ‘ఆన్‌లైన్ ఎడిషన్’లో జీజీపీఓ అనే నెట్‌వర్క్ పద్ధతిని వాడారు. ప్రత్యర్థి నొక్కబోయే బటన్‌ను అది ముందే అంచనా వేసి ఆటను నడిపిస్తుంది, అంచనా తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది. కొద్ది ఫ్రేముల మీద ఆధారపడిన ప్యారీని దూరాన ఉన్న ఇద్దరు నెట్‌లో సాధన చేయగలగడానికి ఇదే ఆధారమైంది. 2023లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’లోనూ ప్యారీ ఉంది. అయితే అక్కడ బటన్లు నొక్కి పట్టుకుంటే సరిపోతుంది, సమయం సరిగ్గా కుదిరినవారికి మాత్రం అదనపు ఫలితం దక్కుతుంది.