తేలని వియోగం

డిమెన్షియాను వాడుకలో మతిమరుపు అనేస్తాం గాని, రోగి జ్ఞాపకాలను పోగొట్టుకుంటూ ఉంటే, పక్కనుండి చూసుకునే భార్యో కూతురో కోడలో పోగొట్టుకునేది ఏకంగా మనిషిని, అదీ ఆ మనిషి ఎదుటే కూర్చుని ఉండగా. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలిస్తూ ఒక భావనను రూపొందించి, తరువాత దానిని డిమెన్షియాకూ వర్తింపజేశారు; తెలుగులో దానిని 'తేలని వియోగం' అనుకోవచ్చు. చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజు, మాసికం, సంవత్సరీకం అంటూ దుఃఖానికి ఒక వరుస, వచ్చిపోయే బంధువులు ఉంటారు. ఈ వియోగానికి మాత్రం కర్మ లేదు, పరామర్శ లేదు, ఏడిస్తే అపశకునమనే మందలింపు తప్ప.

పొద్దు వాలే వేళ రోగుల్లో కలవరం పెరగడం ఈ వ్యాధిలో తరచుగా కనిపిస్తుంది. సొంత ఇంట్లోనే చీరలు మూటకట్టుకుని "మా ఇంటికి పోతా, అమ్మ చూస్తుంటుంది" అని గడప దాటబోయే అత్తగారికి, ఇదే మీ ఇల్లని, మీ అమ్మగారు పోయి ముప్పై ఏళ్లయిందని చెప్పడం ప్రతి సాయంత్రం కొత్తగా చావు కబురు వినిపించడమే అవుతుంది కనుక, అనుభవం గల కోడలు "పదండత్తయ్యా, దింపి వస్తా" అని మూట తాను పట్టుకుని, వీధి చివరిదాకా నడిపించి, మళ్లీ అదే గుమ్మంలోకి తీసుకొస్తుంది. ఇది నేర్పే, సందేహం లేదు; అయితే రోజూ అబద్ధమాడుతున్నానన్న గిల్ట్, ఎన్నాళ్లిలా అని ఒక్క క్షణం అనుకున్నందుకు పుట్టే అంతకంటే పెద్ద గిల్ట్, ఆ నడకలో ఆమె వెంటే వస్తాయి.

సంరక్షకుల భారాన్ని కొలవడానికి స్టీవెన్ జారిట్ బృందం 1980లో తెచ్చిన ప్రశ్నావళి, నేడు ఎక్కువగా వాడే 22 ప్రశ్నల రూపంలో, రోగి దగ్గరున్నప్పుడు కోపం వస్తుందా, ఇంకా ఎక్కువ చేయాల్సిందనిపిస్తుందా అని సూటిగానే అడుగుతుంది. తెలుగిళ్లలో వీటికి నిజమైన జవాబు రావడం కష్టం, ఎందుకంటే 'పుణ్యం చేసుకుంటున్నావమ్మా' అన్న మెచ్చుకోలు విన్నాక విసుగొస్తోందని చెప్పడం ఎవరికీ చేతకాదు. పైగా ఆ మాట అనే చుట్టాలు కాఫీ తాగి వెళ్లిపోతారే గాని, ఒక్క సాయంత్రం ఆ మూట పట్టుకుని వీధి చివరిదాకా నడిచి రారు.