ద్విభాషిత్వం, మెదడు, మతిమరుపు: హైదరాబాద్ అధ్యయనాలపై భాషాశాస్త్ర విమర్శ

సారాంశం:
రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయని హైదరాబాద్‌లో జరిగిన వైద్యపరిశోధన ప్రతిపాదించింది. అయితే ఆ పరిశోధన రోగులకు వచ్చిన భాషలను లెక్కించింది గాని వాటి వాడుకను వర్ణించలేదు. ఆ వర్ణన లేనిదే ఫలితానికి కారణం తేలదని, దాన్ని సమకూర్చవలసిన బాధ్యత తెలుగు భాషాపరిశోధకులకు ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: ద్విభాషిత్వం, డిమెన్షియా, భాషామిశ్రణం, దక్కనీ, ఆదానం, నిరక్షరాస్యత.

1. ప్రవేశిక:
మన భాషాశాస్త్ర పాఠాల్లో మెదడుకూ భాషకూ ఉన్న సంబంధం సాధారణంగా బ్రోకా (1861), వెర్నికే (1874) గుర్తించిన మెదడు భాగాలతో మొదలవుతుంది. చామ్‌స్కీ సహజాతవాదం, లెన్నెబర్గ్ 1967లో వివరించిన కీలకవయోదశ వరకు సాగి ఆగిపోతుంది. ఈ చర్చలో చాలా భాగం ‘ఒక మనిషికి ఒక భాష’ అనే ఊహ మీద నిలిచింది. తెలుగునేల మీద ఆ ఊహకు చోటు తక్కువ. సరిహద్దుల్లో కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీలతోను, హైదరాబాద్‌లో దక్కనీతోను తెలుగు చిరకాలంగా కలిసి బతుకుతోంది. అందువల్ల రెండు భాషలున్న మెదడును గురించిన పరిశోధన మనకు దూరపు విషయం కాదు. పైగా ఆ రంగంలో ఎక్కువగా చర్చకు వచ్చిన అధ్యయనాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. దాన్ని భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అధ్యయనాల నేపథ్యం:
2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్, ఫెర్గస్ క్రైక్, మోరిస్ ఫ్రీడ్‌మన్ 184 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. ద్విభాషుల్లో వ్యాధిలక్షణాలు సుమారు 4 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు గమనించారు. జీవితమంతా రెండు భాషలను నెట్టుకొచ్చిన మెదడు నష్టాన్ని మరికొంత కాలం తట్టుకోగలదన్నది వారి వివరణ. ఇందులో ఒక చిక్కు ఉంది. అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవారు. లక్షణాలు ఆలస్యం కావడానికి కారణం భాషా, వలసజీవితమా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు సమాధానం వెతకడానికి హైదరాబాద్ అనువైన చోటు అయింది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులు 648 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడింది. వారిలో 391 మంది ద్విభాషులు లేదా బహుభాషులు. వ్యాధి మొదలైన సగటు వయస్సు ఏకభాషుల్లో 61.1 ఏళ్లు, ద్విభాషుల్లో 65.6 ఏళ్లు. నిరక్షరాస్యుల్లో ఈ తేడా సుమారు 6 ఏళ్లు. రెండుకు మించి భాషలు వచ్చినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు.

ఈ బృందమే పక్షవాతం వచ్చిన 608 మందిపై చేసిన మరో పరిశోధన 2016లో ‘స్ట్రోక్’ పత్రికలో అచ్చయింది. పక్షవాతం తరువాత కూడా మానసిక సామర్థ్యం మామూలుగా ఉన్నవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. అయితే అఫేసియా, అంటే మెదడు దెబ్బతిని మాట కోల్పోవడం, రెండు వర్గాల్లోను దాదాపు ఒకే స్థాయిలో ఉంది. భాషాశాస్త్రవేత్త ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. రెండో భాష ఇచ్చే రక్షణ భాషాసామర్థ్యానికి అందడం లేదు. ఏకాగ్రత, అదుపు వంటి ఇతర మానసిక వ్యాపారాలకు అందుతోందని ఈ ఫలితం సూచిస్తుంది.

3. వాదంలోని బలం:
హైదరాబాద్ అధ్యయనంలోని ద్విభాషులు వలసదారులు కారు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష వింటూ పెరిగినవారు. చదువు, వృత్తి, లింగభేదం, గ్రామ-నగర నివాసం వంటి అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా తేడా నిలిచింది. అక్షరం రానివారిలోనూ అది కనిపించడం మరీ ముఖ్యం. భాషాసంపద బడినుంచి, పుస్తకంనుంచి వస్తుందని భావించే మనకు ఇది గట్టి పాఠం. బజారులో నేర్చిన రెండో భాష కూడా మెదడుకు వ్యాయామమే కావచ్చు. కాబట్టి ఈ ఫలితాన్ని ఆంగ్లమాధ్యమానికి సమర్థనగా చూపడం సరికాదు. ఇక్కడ చర్చ పాఠశాల మాధ్యమం గురించి కాదు, జీవితకాలపు వాడుక గురించి.

4. వాదంలోని పరిమితులు:

4.1. ద్విభాషి ఎవరు?
అవతలివారితో రెండు భాషల్లో వ్యవహరించగలవారిని ఇటువంటి అధ్యయనాలు ద్విభాషులుగా లెక్కిస్తాయి. ఆ వివరం రోగి కుటుంబసభ్యులు చెప్పినదాని మీద ఆధారపడుతుంది. తెలంగాణ తెలుగులో ‘జర’, ‘జల్దీ’, ‘దవాఖాన’, ‘పరేషాన్’ వంటి మాటలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ‘జల్దీ దవాఖానకు పో’ అన్న వ్యక్తికి ఉర్దూ వచ్చినట్లు కాదు. అవి ఆదానపదాలుగా తెలుగులో కలిసిపోయాయి. మరోవైపు ఉర్దూ అర్థం చేసుకుని తెలుగులో బదులిచ్చే వ్యక్తి ఏ వర్గంలోకి వస్తాడు? మాట్లాడకపోయినా అతని మెదడు రెండు వ్యాకరణాలతో పనిచేస్తూనే ఉంది.

స్వయంగా చెప్పే సమాచారంలో మరో లోపం ఉంది. డిగ్రీ తరగతిలో ‘నీకు ఎన్ని భాషలు వచ్చు?’ అని అడిగితే, ఇంట్లో గోర్ బోలీ మాట్లాడే విద్యార్థి కూడా తెలుగు, హిందీ, ఇంగ్లీషు అని చెప్పి ఆగిపోవడం ఈ వ్యాసకర్త అనుభవం. లిపి, పాఠ్యపుస్తకం లేని భాషను భాషగా చెప్పుకోవడానికి సంకోచం ఎక్కువ. ఈ సంకోచం రోగుల కుటుంబాల్లోనూ ఉంటే కొందరు ద్విభాషులు ఏకభాషుల పట్టికలో చేరిపోయే అవకాశం ఉంది.

4.2. భాషలను ఎలా కలుపుతారు?
ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోది నిద్రపోదని, దాన్ని మెదడు అణచి ఉంచుతుందని డేవిడ్ గ్రీన్ 1998లో ప్రతిపాదించారు. ఈ అణచివేతే వ్యాయామమని చాలామంది భావిస్తారు. 2013లో గ్రీన్, జుబిన్ అబుతలేబి ఈ ఊహను సవరిస్తూ మూడు సందర్భాలను వేరుచేశారు: ఒక్కో చోట ఒక్కో భాష వాడడం, ఒకే చోట మనిషినిబట్టి భాష మార్చడం, ఒకే వాక్యంలో రెండింటినీ కలపడం. వీటిలో రెండోదానికి అదుపు అత్యధికంగా కావాలి. మూడోదానికి తక్కువ చాలు.

ఒక కొనుగోలుదారుతో దక్కనీలో బేరమాడి, వెంటనే పక్కనున్న వ్యక్తికి తెలుగులో బదులిచ్చే వ్యాపారిది రెండో సందర్భం. ‘మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది, నేను అడ్జస్ట్ చేసుకుంటాను’ అనే ఉద్యోగిది మూడో సందర్భం. పరాయి మాటకు ‘అవు’, ‘చేయు’ ధాతువులను చేర్చి తెలుగు క్రియగా మార్చుకునే ఈ నిర్మాణంలో అణచవలసినది తక్కువ. పట్టికలో మాత్రం వీరిద్దరూ సమానంగా ‘ద్విభాషులు’.

సహజీవనంలో భాషల నిర్మాణాలు కూడా దగ్గరవుతాయి. దక్కనీలోని ‘బోల్కే’ తెలుగు ‘అని’ చేసే పనే చేస్తుంది. మహారాష్ట్రలోని కుప్వార్ గ్రామంలో కన్నడ, మరాఠీ, ఉర్దూల వాక్యనిర్మాణం ఒకే మూసలోకి రావడాన్ని గంపర్జ్, విల్సన్ 1971లో చూపారు. వాక్యం అచ్చు ఒకటై, మాటలే మారే చోట మెదడుపై పడే భారం, ఇంగ్లీషుతోపాటు పూర్తిగా భిన్నమైన మరో భాష మాట్లాడే టొరంటోవాసి భారంతో సమానమని ముందే అనుకోలేము.

4.3. కాలక్రమ పరిశీలన:
హైదరాబాద్ అధ్యయనం ఆసుపత్రికి వచ్చినవారిని వెనక్కి చూసి ప్రశ్నించింది. ఆరోగ్యవంతులను ఏళ్లతరబడి గమనించే అధ్యయనాలు వేరే ఫలితం ఇచ్చాయి. 2017లో ముకాదమ్ తదితరులు చేసిన సమీక్షలో, అటువంటి అధ్యయనాల ప్రకారం ద్విభాషిత్వం డిమెన్షియా ముప్పును తగ్గించినట్లు తేలలేదు. లక్షణాలు ఆలస్యం కావడం, వ్యాధి రాకుండా ఉండడం వేర్వేరు విషయాలు. ‘రెండు భాషలు నేర్చుకుంటే మతిమరుపు రాదు’ అనే ప్రచారం ఈ రెంటినీ కలిపేస్తున్నది.

5. తెలుగు విభాగాల బాధ్యత:
వైద్యులు భాషను ఒక గడిలో టిక్కుగా నమోదు చేయడం వారి తప్పు కాదు. అంతకంటె మెరుగైన సాధనాన్ని మనం వారికి అందించలేదు. ఏ భాష ఏ వయస్సులో, ఎవరితో, ఏ పనికోసం వాడారు. అర్థం చేసుకోవడమా మాట్లాడడమా. విడివిడిగానా కలిపా అన్న వివరాలతో ప్రశ్నావళి రూపొందించాలి. చెప్పిన సమాచారాన్ని సంభాషణ రికార్డులతో సరిచూడాలి. ఇది మనకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయదారుల నోటిమాటనే ఆధారంగా చేసుకుంది. ఆ క్షేత్రపరిశోధన పద్ధతిని వృత్తిపదాలనుంచి భాషావాడుక వైపు మళ్లించడం నేటి అవసరం.

6. ముగింపు:
• హైదరాబాద్ అధ్యయనాలు వలస, అక్షరాస్యత అనే రెండు సందేహాలకు బలమైన సమాధానమిచ్చాయి.
• ఆదానం, అవగాహన, వ్యవహారం అనే భేదాలు పాటించకపోతే ‘ద్విభాషి’ అనే వర్గం సందిగ్ధంగానే ఉంటుంది.
• భాషామిశ్రణాన్ని పతనంగా నిందించడానికిగాని, ఔషధంగా పొగడడానికిగాని ఇప్పటి ఆధారాలు చాలవు.
• రోగి ఇంటి భాషను గౌరవంగా అడిగి నమోదు చేయడం పరిశోధనకే కాక చికిత్సకూ అవసరం. జ్ఞాపకం సడలుతున్న వృద్ధురాలిని ఆమెకు పట్టులేని భాషలో పరీక్షిస్తే, కొలిచేది ఆమె జ్ఞాపకాన్ని కాదు, మన అజాగ్రత్తను.